గుడారం వేయకముందే కాగితం చేతికందాలి

సంపాదకులు గారికి నమస్కారం.

సంక్రాంతి దాటగానే బెంగళూరులోని తెలుగు సంఘాలు, అపార్ట్‌మెంట్ బృందాలు శని, ఆదివారాలు గుడారాల్లో గడిపి రావడానికి బయల్దేరతాయి. కనకపుర దారిలో కావేరి ఒడ్డుకు కొందరు, రామనగర, మాగడి వైపు రాతికొండల కిందికి కొందరు, మదనపల్లె మీదుగా హార్స్‌లీ కొండకు కొందరు వెళతారు. మీ బెంగళూరు పేజీలో ఇలాంటి ఆహ్వానాలు తరచుగా చూస్తున్నాను. బస్సు ఎక్కడ ఆగుతుంది, మనిషికి ఎంత కట్టాలి, టిఫిను ఏమిటి అన్నీ రాస్తున్నారు. అక్కడికి వెళ్లాక ఎలా మసలుకోవాలో మాత్రం ఒక్క ముక్క కూడా ఉండటం లేదు. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా పనిచేసి విరమణ పొందాను. మాది చిత్తూరు జిల్లా. ఇప్పుడు రామమూర్తినగర్‌లో కొడుకు కుటుంబంతో ఉంటున్నాను. మా చుట్టుపక్కల లేఅవుట్లలోని తెలుగు కుటుంబాలు ఏటా చేసే క్యాంపులో మందుల పెట్టె, వంటసామగ్రి లెక్క నా చేతిలో ఉంటాయి. నేను చెప్పదలచుకున్నది ఒకటే. బస్సు దిగాక మైకులో చదివే నియమాలను ఎవరూ వినరు. అప్పటికే పిల్లలు పరుగు మొదలుపెట్టి ఉంటారు, పెద్దలు టీ కోసం వెతుక్కుంటూ ఉంటారు. కనీసం పది రోజుల ముందు నియమాలు కాగితం మీద ప్రతి ఇంటికీ చేరాలి. ఇంట్లోవాళ్లు చదివి, సరేనని సంతకం పెట్టాకే పేర్లు రాసుకోవాలి. ఒప్పుకోనివారు ఎంత దగ్గరివారైనా తీసుకువెళ్లకూడదు. ఇక్కడ మొహమాటపడితే అడవిలో దాని ఫలితం అనుభవించవలసి వస్తుంది.

మనవాళ్లలో చాలామంది పెళ్లివారి విడిదికి వచ్చినట్టు క్యాంపుకు వస్తారు. టెంటు ఎవరో వేసి ఉంచాలి, వేన్నీళ్లు ఎవరో కాచి పెట్టాలి, పిల్లలను ఎవరో కనిపెట్టుకుని ఉండాలి. ఆ ఎవరో చివరికి ఆడవాళ్లే అవుతారు. కనకపుర వైపు ఒక తోటలో దిగినప్పుడు రాత్రి భోజనాలు అయ్యాక నెగడు చుట్టూ పాటలు మొదలయ్యాయి. తోట చివర కుళాయి దగ్గర టార్చి వెలుగులో నలుగురు ఆడవాళ్లు సాంబారు డేగిసా అడుగు గీకుతూ కూర్చున్నారు. వారిలో ఒక అమ్మాయి వారమంతా ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుని, ఈ రెండు రోజులైనా నడుం వాల్చుదామని వచ్చింది. మోచేతుల దాకా బూడిద, చేతిలో కొబ్బరిపీచు. ఆమె కొడుకు పక్కనే బండ మీద తువ్వాలు పరుచుకుని నిద్రపోయాడు. “ఇంట్లో అయితే పాత్రలు తోమే మనిషైనా ఉంటుంది పెద్దమ్మా” అంది. ఆ మాట నాకు గుచ్చుకుంది.

అందుకే మా కాగితంలో మొదటి వాక్యం ఇలా పెట్టాం: ‘మనలో అతిథులు ఎవరూ లేరు.’ పన్నెండేళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ ఏదో ఒక పని ఉంటుంది. పూటకొక జట్టు. రాత్రి పాత్రలు తోమే జట్టులో సగంమంది మగవాళ్లు ఉండి తీరాలి. ఎవరి కంచం, గ్లాసు వారే తెచ్చుకుని వారే కడుక్కోవాలి. మొదట్లో గొణిగినవారు ఉన్నారు. ఇప్పుడు బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసి విరమించిన ఒకాయన డేగిసాలు తోమే పని తనకే కావాలని ముందుగా పేరు ఇస్తున్నారు. ఆయన భార్య నెగడు దగ్గర కూర్చుని అన్నమయ్య కీర్తన పాడటం మేమంతా మొదటిసారి విన్నాం.

ఇక అనుమతి సంగతి. బెంగళూరుకు దక్షిణాన కావేరి ఒడ్డులో చాలా భాగం 1987లో ప్రకటించిన వన్యప్రాణి అభయారణ్యం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం బయటివారు అనుమతి లేకుండా అభయారణ్యంలోకి వెళ్లడమే నేరం, అడవికి ముప్పు కలిగేలా అక్కడ నిప్పు రాజేయడం మరో నేరం. భీమేశ్వరి, గాలిబోరె వంటి చోట్ల ప్రభుత్వ సంస్థ నడిపే శిబిరాలు ఉన్నాయి. కొండదారులకు అటవీశాఖ ఆన్‌లైన్‌లో టికెట్లు ఇస్తోంది. ఇన్ని దారులు ఉండగా, ‘ఊళ్లో ఒకతను తెలుసు, కాస్త డబ్బిస్తే లోపలికి తీసుకువెళతాడు’ అనే మాట ఇంకా వినిపిస్తోంది. అలా పిల్లాజెల్లలతో వెళ్లేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఏదైనా జరిగితే మీరు లోపల ఉన్నారని అటవీశాఖకు తెలియదు. మిమ్మల్ని వెతకడానికి ఎవరూ రారు. 2018 మార్చి 11న, ఒక ఆదివారం, తమిళనాడులోని తేని జిల్లా కురంగణి కొండల్లో కార్చిచ్చు చుట్టుముట్టి ఇరవై మందికి పైగా ప్రాణాలు పోయాయి. చెన్నై నుంచి, ఈరోడ్, తిరుప్పూర్ వైపు నుంచి వారాంతానికి సరదాగా కొండ ఎక్కడానికి వెళ్లినవారు వాళ్లు. మార్చి నెలలో మన చుట్టూ ఉన్న అడవి ఎంత ఎండిపోయి ఉంటుందో ఆ ఘటన చెప్పింది. బృందం పెద్ద చేతిలో అనుమతి పత్రం అచ్చు ప్రతి ఉండాలి. దాని నకలు ఊళ్లో మిగిలినవారి దగ్గర ఒకటి ఉండాలి. సొంత తోటలో దిగుతున్నా సరే, యజమాని ఒప్పుకోలు రాతపూర్వకంగా తీసుకోవాలి.

నీళ్ల దగ్గర మాకు మినహాయింపులు లేవు. అర్కావతి వచ్చి కావేరిలో కలిసే సంగమం దగ్గర, అక్కడి నుంచి మేకెదాటు దాకా నది పైకి ప్రశాంతంగా కనిపిస్తుంది. కింద రాతిలో లోతైన గుంటలు, సుడులు ఉంటాయి. మొసళ్లు ఉంటాయి. పైన కృష్ణరాజసాగరం, కబిని జలాశయాల నుంచి నీరు వదిలితే ఇక్కడ చినుకు పడకపోయినా మట్టం పెరుగుతుంది. హెచ్చరిక బోర్డులు కన్నడంలో ఉన్నాయి కాబట్టి చదవలేకపోయామని ఏళ్ల తరబడి ఈ ఊళ్లో ఉన్నవారు అనడం నాకు నచ్చదు. లిపి మనదానికి తోబుట్టువు, నాలుగు రోజులు కూర్చుంటే వస్తుంది. ఈత వచ్చినా రాకపోయినా మోకాలి లోతు దాటకూడదని మా నియమం. అదీ స్థానిక సిబ్బంది చూపించిన చోట, వారు చెప్పిన వేళలోనే. ఎవరైనా మునుగుతుంటే వెంటనే వెనకాల దూకకూడదు. ఒకరిని కాపాడబోయి ఇద్దరు ముగ్గురు పోయిన కేసులు నేను ఆసుపత్రిలో చూశాను. తాడు విసరాలి, తాడు లేకపోతే చీర విసరాలి, కర్ర అందించాలి, ఖాళీ నీళ్ల క్యాను మూత బిగించి వేయాలి. అందుకని ఒడ్డుకు వెళ్లే ప్రతి జట్టు వెంట ఇరవై మీటర్ల తాడు తీసుకువెళుతుంది.

మద్యం తాగినవారే నీళ్లలోకి ముందుగా దిగుతారు. అందువల్ల క్యాంపు ముగిసేవరకు మద్యం ఉండదని కాగితంలో రాశాం. ‘పెద్దవాళ్లం, మా హద్దు మాకు తెలుసు’ అన్నవారికి నా జవాబు: తెలిసినవారు రెండు రోజులు మానుకోవడం కష్టం కాదు.

నెగడు గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే అందరికీ ఇష్టమైనది అదే, అందరూ తేలిగ్గా తీసుకునేదీ అదే. అడవికి ఆనుకున్న చోట నెగడు వేయవద్దని సిబ్బంది అంటే ఇక చర్చ లేదు. వేయవచ్చని చెప్పిన చోట ముందే ఉన్న రాతి గుండంలోనే వేయాలి, చుట్టూ మూడు మీటర్ల మేర ఎండుటాకులు ఊడ్చాలి, రెండు బక్కెట్ల నీళ్లు పక్కన పెట్టాలి. గాలి లేస్తే ఆర్పేయాలి. ఆర్పడమంటే ఒక చెంబు నీళ్లు చల్లి పడుకోవడం కాదు. నీళ్లు పోసి, కర్రతో బూడిద కలిపి, మళ్లీ పోసి, అరచేతి వెనుక భాగం దగ్గరగా పెట్టి వేడి లేదని చూడాలి. పైన తెల్లగా కనిపించే బూడిద కింద నిప్పు తెల్లవారేదాకా ఉంటుంది.

నన్ను ఇప్పటికీ వణికించే విషయం ఒకటుంది. డిసెంబరు చలిలో ఒక రాత్రి పడుకునే ముందు గుడారాల మధ్య ఒక చుట్టు తిరిగి వస్తున్నాను. ఒక గుడారం గుడ్డ లోపలి నుంచి ఎర్రగా కనిపించింది. పిలిచాను, పలుకు లేదు. జిప్పు లాగి చూస్తే లోపల ఇనుప కుంపటి, దానినిండా కణకణలాడే బొగ్గులు. భార్యాభర్తలు, మధ్యలో నాలుగేళ్ల పాప. పాపకు చలి అని నెగడులోని బొగ్గులు ఎత్తి తెచ్చుకుని, గాలి రాకుండా అన్నివైపులా మూసుకున్నారు. ముగ్గురినీ బయటికి లాగాం. పాప వాంతి చేసుకుంది. తల్లి తల పట్టుకుని కూర్చుంది, తాను ఎక్కడుందో కాసేపు తెలియలేదు. తండ్రికి కాళ్లు నిలవలేదు. మరో గంట నేను అటు వెళ్లకపోయి ఉంటే ఏమై ఉండేదో చెప్పలేను. వెంటనే బండిలో ఆసుపత్రికి పంపాం, ఆక్సిజన్ పెట్టారు, ముగ్గురూ కోలుకున్నారు. బొగ్గులు కాలినప్పుడు వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. అది రక్తంలోని హీమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. నిద్రలో ఉన్నవారికి మెలకువ రాదు. గుడారంలోకి కుంపటి, స్టవ్వు, దోమల చుట్ట, కొవ్వొత్తి ఏదీ తీసుకువెళ్లకూడదని మా కాగితంలో పెద్ద అక్షరాలతో ఉంటుంది. చలికి ఇంకో దుప్పటి తెచ్చుకోండి, వేన్నీళ్ల సీసా గుడ్డలో చుట్టి పెట్టుకోండి, తలకు మఫ్లరు కట్టుకోండి. బొగ్గుల జోలికి మాత్రం పోవద్దు.

పాముల విషయంలో భయం కంటే జాగ్రత్త అవసరం. మన దేశంలో పాముకాటు మరణాల్లో ఎక్కువ భాగానికి నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి కారణం. మన దగ్గర దొరికే విరుగుడు ఇంజెక్షను ఈ నాలుగింటికీ పనిచేస్తుంది. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, నేల మీద పడుకున్నవారిని కరుస్తుంది, కరిచిన చోట నొప్పి కూడా పెద్దగా ఉండదు. తెల్లవారుజామున కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం కనిపిస్తే వెంటనే అనుమానించాలి. అందుకని ఆరుబయట చాప పరిచి పడుకోవడం వద్దు. గుడారం జిప్పు ఎప్పుడూ వేసి ఉంచాలి, బూట్లు దులిపి తొడుక్కోవాలి, చీకట్లో టార్చి లేకుండా అడుగు వేయకూడదు. కరిస్తే కోయడం, నోటితో పీల్చడం, తాడుతో బిగించి కట్టడం, పసరు పోయడం ఇవేవీ చేయకూడదు. ఉంగరాలు, గాజులు తీసేసి, చెయ్యి లేదా కాలు కదలకుండా బద్ద కట్టి, మనిషిని నడిపించకుండా మోసుకుని ఆసుపత్రికి చేర్చాలి. పామును పట్టుకుని తేనక్కర్లేదు. దగ్గరలోని ఏ తాలూకా ఆసుపత్రిలో విరుగుడు మందు నిల్వ ఉందో బయల్దేరే ముందు రోజు ఫోను చేసి కనుక్కోవడం మా పద్ధతి. 108 పలికినా అంబులెన్సు మట్టిదారి వెతుక్కుంటూ రావడానికి సమయం పడుతుంది, కాబట్టి ఒక కారు ముఖం రోడ్డు వైపు తిప్పి, తాళం చెవి అందరికీ తెలిసిన చోట పెట్టి ఉంచుతాం.

మధుమేహం, రక్తపోటు, ఉబ్బసం, మూర్ఛ ఉన్నవారు దాచకుండా ముందే చెప్పాలి. ఆ వివరాలు నా దగ్గరే ఉంటాయి, ఇంకెవరికీ చెప్పను. ఇన్సులిన్ ఎండలో ఉన్న కారులో వదిలేయకండి.

పాటల పెట్టెల గురించి కూడా చెప్పాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదని 2000 నాటి శబ్ద నియంత్రణ నిబంధనల్లో ఉంది. పక్క ఊళ్లో రైతు నాలుగింటికి లేచి పాలు పితకాలి. ఆయన నిద్ర చెడగొట్టే హక్కు మనకు లేదు. రామనగర కొండల్లో రామదేవర బెట్టను 2012లో రాబందుల అభయారణ్యంగా ప్రకటించారు. దేశంలో ఎక్కడికక్కడ కనుమరుగైన ఆ పక్షులు ఆ చరియల మీద గూళ్లు పెట్టుకున్నాయి. అలాంటి చోట అరుపులు, టపాసులు, డ్రోన్లు ఎలా పనికొస్తాయి? ఆ రాతి చరియల్లోనే పెద్ద తేనెపట్లు కూడా ఉంటాయి. పొగ, ఘాటైన సెంటు, రాళ్లు విసరడం వాటిని రేపుతాయి. తేనెటీగలు లేస్తే ముఖం కప్పుకుని పరుగెత్తి కారులోకో గదిలోకో చేరుకోవాలి. నీళ్లలో దూకితే అవి పైనే కాచుకుని ఉంటాయి.

మరుగుదొడ్డి మాట రాయడానికి చాలామంది సిగ్గుపడతారు. రాయకపోతేనే ఇబ్బంది. మరుగుదొడ్డి ఉన్న చోటునే ఎంచుకోండి. కొండదారిలో తప్పనప్పుడు నీటికి, దారికి 60 మీటర్ల దూరం వెళ్లి, ఆరు నుంచి ఎనిమిది అంగుళాల గుంట తవ్వి, తరువాత మట్టి కప్పాలి. ప్యాడ్లు, పిల్లల డయపర్లు పూడ్చకూడదు, కాల్చకూడదు. కాగితంలో చుట్టి విడి సంచిలో తిరిగి ఊరికి తేవాలి. రాత్రిపూట ఆడవాళ్లు, పిల్లలు ఇద్దరిద్దరుగా వెళ్లాలి. సబ్బు ఏ రకమైనా నదిలో కలపకూడదు.

మిగిలిన అన్నం చెట్ల కింద పారబోస్తే పుణ్యమనుకునేవారు ఉన్నారు. కోతులు దానికి అలవాటుపడి తరువాత వచ్చే పిల్లల చేతుల్లో సంచులు లాక్కుంటాయి. అడవి పందులు రాత్రికి గుడారాల దాకా వస్తాయి. ఏనుగులు తిరిగే చోట ఉప్పు, బెల్లం, పండ్లు గుడారంలో పెట్టుకోవడం ప్రాణాపాయం. అందుకే మేము లెక్కకట్టి వండుతాం. పులిహోర, పెరుగన్నం, చపాతీలు, కందిపొడి, ఒక కూర, అంతకు మించి వద్దు. థర్మోకోల్ పళ్లాలు, ప్లాస్టిక్ గ్లాసులు తీసుకురావద్దు. తెచ్చిన చెత్త అంతా బస్సులోనే తిరిగి వస్తుంది.

భోజనం దగ్గర మరో మాట. శాకాహారం విడి పాత్రల్లో ముందుగా వండుతాం, అది అందరికీ సమ్మతమే. కానీ తినేటప్పుడు అందరిదీ ఒకే బంతి. ఒక కుటుంబం తమకు పక్కగా వేరే చాప వేయమని అడిగింది. కుదరదని చెప్పాం. వారు ఆ ఏడాది రాలేదు. ఆ నిర్ణయంలో నాకు ఏ సందేహమూ లేదు. అలాగే రాజకీయ పార్టీల గొడవలు, అభిమాన హీరోల నినాదాలు, ఏ జిల్లా గొప్పదన్న తగువులు ఆ రెండు రోజులు ఇంట్లో వదిలి రావాలని రాశాం.

పిల్లల మెడలో విజిల్ కట్టిస్తాం. దారి తప్పితే తిరగకుండా అక్కడే ఒక చెట్టు పట్టుకుని నిలబడి మూడుసార్లు ఊదాలని నేర్పిస్తాం. పిల్లల్లో ప్రతి ఒక్కరికీ ఎప్పుడూ వెంట ఉండే ఒక తోడును జతచేస్తాం. భోజనానికి ముందు, పడుకునే ముందు, బస్సు కదిలే ముందు పేర్లు పిలుస్తాం. ఇతరుల పిల్లల ఫొటోలు వాళ్ల తల్లిదండ్రులను అడగకుండా ఎక్కడా పెట్టకూడదు.

చివరిగా నేను పట్టుబట్టి చేర్పించిన నియమం బస్సు డ్రైవరు గురించి. శనివారం తెల్లవారుజామున అతను మనల్ని దింపుతాడు. ఆ తరువాత అతను ఎక్కడ పడుకున్నాడు, ఏం తిన్నాడు అని చాలా బృందాల్లో అడిగేవారు ఉండరు. సీటు మీద ముడుచుకుని, దోమలు కుట్టించుకుని, రాత్రంతా పాటల హోరులో నిద్రలేకుండా గడిపిన మనిషే ఆదివారం సాయంత్రం కనకపుర రోడ్డు రద్దీలో మన పిల్లలందరినీ ఇంటికి తేవాలి. మా క్యాంపులో డ్రైవరుకు నెగడుకు దూరంగా ఒక గుడారం, దోమతెర, దుప్పటి విడిగా ఉంటాయి. మనతోపాటే బంతిలో భోజనం. ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలు అతన్ని ఎవరూ లేపకూడదు. చీకటి పడకముందే తిరుగు ప్రయాణం. ‘ఇంకో గంట ఉందాం’ అని ఎంతమంది అడిగినా బయల్దేరే వేళ మారదు.

మీ పత్రిక ద్వారా బెంగళూరు తెలుగు సంఘాల పెద్దలకు నా విన్నపం ఇది. ఆహ్వానం అచ్చువేసేటప్పుడు దాని వెనుక వైపు నియమాలు కూడా వేయించండి. బాధ్యులు ఎవరు, అనుమతి సంఖ్య ఏమిటి, దగ్గరి ఆసుపత్రి ఏది అన్న మూడు వివరాలు లేని ఆహ్వానాన్ని మీరు కూడా ప్రచురించకుండా ఉంటే మేలు. పై మాటలను ఏ బృందమైనా తమ కాగితంలోకి తీసుకోవచ్చు. ఆసుపత్రి పేరు, నీటి సంగతి, నెగడు వేయవచ్చో లేదో అన్నవి మాత్రం తాము దిగే చోటికి ఒక మనిషిని ముందుగా పంపి, అక్కడివారిని అడిగి రాసుకోవాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత నర్సు,
రామమూర్తినగర్, బెంగళూరు